మన పిల్లలు ఇంజనీర్లు ఎందుకు కాకూడదు?

(సంక్షేమ సంఘం వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మమ్మల్ని ఆదేశించారు. విద్య గొప్పదని చెప్పడానికి మా అవసరం లేదు. ఖురాన్ అవతరణలో మొట్టమొదటి ఆజ్ఞే చదవమని గదా! అది ఇక్కడున్న చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. కాబట్టి ఆ సంగతి వదిలిపెట్టి ఈరోజు ఒక్క విషయానికే పరిమితమవుతాము. మన పేద, మధ్య తరగతి ఇళ్ళలోని పిల్లలు ఇంజనీరింగు చదువులోకి ఎందుకు రాలేకపోతున్నారు, రావాలంటే మనమేం చెయ్యాలి? ఇదే మా ప్రసంగ విషయం.

మన నేల సంగతి

ముందు మనం నిలబడిన నేలను చూద్దాము. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలంటే పత్తి, మిరప. 2022లో జిల్లాలు విడిపోయి బాపట్ల, పల్నాడు వేరైనా పంటలు మారలేదు, మన బతుకులూ పెద్దగా మారలేదు. ఈ నేలను ఈ రూపానికి తెచ్చిందెవరు? వాన కురిపించేవాడు అల్లాహ్. ఆ వాననీటిని నిలబెట్టి పొలం దాకా నడిపించింది ఇంజనీర్లు. బెజవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగితే, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ 200 కిలోమీటర్ల పైచిలుకు సాగి, పల్నాటి మెట్టల మీదుగా ప్రకాశం దాకా వచ్చి, పదకొండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు కలిగించింది. అంతకుముందు వానకోసం ఆకాశం వైపు చూసిన ఊళ్ళు ఇవన్నీ.

ఆ సాగర్ కట్టింది రాతితో. యంత్రాల కంటే మనుషుల చేతులే అక్కడ ఎక్కువ పని చేశాయి. రాళ్ళు మోసిన వేలాది కూలీలలో అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ ఉన్నారు. అయితే ఆ రాయి ఎక్కడ పెట్టాలో, ఎంత మందాన కట్టాలో కాగితం మీద గీసినవారు కొద్దిమందే. ఈ రెండు పనుల మధ్య దూరమే ఈరోజు మేము చెప్పదలచుకున్న విషయం.

ఇంకాస్త దగ్గరకు రండి. చిలకలూరిపేట రోడ్డు మీద, మార్టూరు వైపు జిన్నింగు మిల్లులు, స్పిన్నింగు మిల్లులు చూడండి. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని పేరు. దాని చుట్టూ వరసగా కోల్డ్ స్టోరేజీలు. ఈ మొత్తంలో మనవాళ్ళెక్కడున్నారు? టిక్కీలు మోసే ముఠాలో ఉన్నారు. లారీ స్టీరింగు దగ్గర ఉన్నారు. బోరు మోటార్లకు వైండింగు చేసే కొట్లలో, వెల్డింగు షాపుల్లో, లేత్ మిషను ముందర, రేడియేటరు పనుల్లో ఉన్నారు. మన ఆడవాళ్ళు మిరపకాయలకు తొడిమలు తీస్తూ, తాలుకాయలు ఏరుతూ, చేతులు మండుతుంటే రాత్రిపూట నూనె రాసుకుని పడుకుంటున్నారు. అదే కోల్డ్ స్టోరేజీలో యంత్రం ఎంత చల్లదనం ఇవ్వాలో లెక్క కట్టినవాడు, మిల్లుకు యంత్రం ఎంపిక చేసినవాడు, కరెంటు లైను నక్షా మీద సంతకం పెట్టినవాడు మాత్రం చాలా అరుదుగా మనవాడు.

మన దూదేకుల సోదరుల సంగతి తీసుకోండి. పత్తిని విల్లుతో ఏకి పరుపులు, బొంతలు చేసిన వంశాలు అవి. దూది ఏ నాణ్యతదో వేళ్ళతో నలిపి చెప్పగలిగిన జ్ఞానం వారిది. యంత్రం వచ్చి ఆ విల్లును మూలన పెట్టించింది. యంత్రం రావడం తప్పని ఎవరూ అనలేరు. ఆ దూదిని పుట్టినప్పటినుంచీ ఎరిగిన ఇళ్ళ పిల్లలు ఆ యంత్రాన్ని తయారు చేసే వైపుకు పోలేకపోయారు. నష్టం అక్కడ జరిగింది.

చేతిలో ఉన్న విద్య

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చేతి పనిని మేము చిన్నచూపు చూడటం లేదు. హలాల్ సంపాదన ఏదైనా గౌరవప్రదమే. మోటారు తిరిగే చప్పుడు విని లోపం బేరింగులోదా, వైండింగులోదా చెప్పే కుర్రవాళ్ళు మన వీధుల్లో ఉన్నారు. అది తెలివి కాక మరేమిటి? మేము ఇరవై ఏళ్ళకు పైబడి ఉర్దూ మీడియం పిల్లలకు లెక్కలు చెబుతున్నాము. తరగతిలో నోరు విప్పని పిల్లవాడు, సెలవుల్లో మెకానిక్ షెడ్డులో ఇంజను విప్పి, బోల్టు పోకుండా తిరిగి బిగించడం కళ్ళారా చూశాము. వాడికి ఇంజనీరింగు బుర్ర ఉంది. కొలత తెలుసు, వరుస తెలుసు, కారణం వెతకడం తెలుసు. లేనిదల్లా ఆ పనిని అంకెల్లో చెప్పే చదువు, దానిని ప్రపంచం ఒప్పుకొనే సర్టిఫికెట్టు.

ఆ రెండూ లేనందువల్ల జరిగేది ఏమిటంటే, పని వాడు చేస్తాడు, కాంట్రాక్టు ఇంకొకరిదవుతుంది. యాభై ఏళ్ళు వచ్చేసరికి నడుము వంగుతుంది, చూపు తగ్గుతుంది, సంపాదన కూడా దానితోనే తగ్గుతుంది. కొడుకు అదే షెడ్డులో అదే స్టూలు మీద కూర్చుంటాడు.

పైగా మన కూలి అంతా పంట మీద ఆధారపడ్డది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు మన రెండు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో నల్ల తామరపురుగు మిరపను కాల్చేసింది. రైతు కుంగితే మిల్లు ఆగుతుంది, యార్డు ఆగుతుంది, లారీ ఆగుతుంది, మన పొయ్యి కూడా ఆగుతుంది. చదువుకు తెల్లదోమ పట్టదు. పేదవాడు వేసుకోదగ్గ పంట అది.

వెనుకటివారు నడిచిన దారి

కొందరు అంటారు, ‘ఇవన్నీ డబ్బున్నవాళ్ళ చదువులు మాస్టర్ సాబ్, మనకెక్కడ కుదురుతాయి’ అని. డబ్బున్నవాళ్ళకు తేలికన్న మాట నిజమే. మనకు కుదరదన్న మాట మాత్రం నిజం కాదు.

నాగార్జునసాగర్ పేరు చెప్పగానే గుర్తుకొచ్చే ఇంజనీరు డాక్టర్ కానూరి లక్ష్మణరావు. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటిచూపు పోయింది. ఒక్క కంటితో చదివి, ఇంగ్లండులో డాక్టరేటు పొంది, కేంద్ర నీటిపారుదల, విద్యుత్ మంత్రి దాకా వెళ్ళారు. పులిచింతల ప్రాజెక్టుకు ఈరోజు ఆయన పేరే ఉంది.

మన సమాజంలో చూస్తే, హైదరాబాదులో 1877 జూలై 11న పుట్టిన మీర్ అహ్మద్ అలీ, అంటే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్ళి కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు చదివి వచ్చారు. మంజీరా నది మీద నిజాంసాగర్ ఆయన చేతి పనే. 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆయన పుట్టినరోజునే తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నారు. స్కాలర్‌షిప్ అన్న మాట ఇక్కడ గమనించండి. తెలివి ఆయనది, దానికి దారిఖర్చు ఇచ్చింది ప్రభుత్వం.

హజ్‌కు వెళ్ళివచ్చిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. జిద్దా విమానాశ్రయంలో హజ్ టెర్మినల్ పైన వరసగా తెల్లటి గుడారాల్లాంటి కప్పు చూసే ఉంటారు. ఆ ఎండలో లక్షలమందికి నీడనిచ్చే ఆ కప్పు రూపకల్పనలో ముఖ్యుడు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ అనే ఇంజనీరు. ఢాకావాసి, 1929లో పుట్టినవాడు. తండ్రి లెక్కల మాస్టరు. చికాగో నగరంలో 1970లలో లేచిన 110 అంతస్తుల సియర్స్ టవరు నిర్మాణ పద్ధతి కూడా ఆయన ఆలోచనే. ఆ కప్పు కింద కూర్చుని జమ్‌జమ్ తాగిన మన హాజీలలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

ఇక డాక్టర్ అబ్దుల్ కలాం గారి విషయం. రామేశ్వరంలో పడవల యజమాని జైనులాబ్దీన్ గారి కొడుకు. క్షిపణుల సంగతి, 2002లో రాష్ట్రపతి అయిన సంగతి అందరూ చెబుతారు. మేము వేరొకటి చెబుతాము. మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చినప్పుడు చేరడానికి సుమారు వెయ్యి రూపాయలు కావలసి వచ్చింది. ఇంట్లో అంత డబ్బు లేదు. అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. దేశమంతా కలాం గారి పేరు తలుస్తుంది. అక్క పేరు తలిచేవారు తక్కువ. పరదా వెనుక ఉన్న తల్లులారా, చెల్లెళ్ళారా! పెళ్ళికి గాజులు చేయించని ఇల్లు లేదు. చదువుకోసం ఒక జత గాజులు తీసి ఇచ్చిన ఇళ్ళు మన మొహల్లాలో ఎన్ని ఉన్నాయో మీరే లెక్క పెట్టుకోండి.

వెనుకటి కాలంలో అల్ జజరీ వంటి మహనీయులు నీళ్ళు తోడే యంత్రాల మీద గ్రంథాలు రాశారని చెప్పుకుంటాము. 1206 నాటి ఆ గ్రంథం నిజంగానే గొప్పది. కానీ తాతలు నేతులు తాగారని మన మూతులు వాసన చూపిస్తే ఎవరు ఒప్పుకుంటారు? వారి పేరు చెప్పుకునే అర్హత మన పిల్లవాడు త్రికోణమితి లెక్క చేసిన రోజున వస్తుంది.

ఉర్దూ మీడియం అడ్డమా?

ఈ ప్రశ్న మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. ‘ఉర్దూ మీడియంలో చదివినవాడు ఇంజనీరింగు ఏం చదువుతాడండీ?’ అని. దీనికి చరిత్రే జవాబు చెబుతుంది. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు బోధనా భాష ఉర్దూ. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ నెలకొల్పి, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. 1929లో అక్కడ ఇంజనీరింగు కళాశాల వచ్చింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేదాకా అక్కడ ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. వంతెన బరువు ఉర్దూలో లెక్క కట్టినా, తెలుగులో కట్టినా ఒక్కటే వస్తుంది.

అయితే ఆ చరిత్రలో రెండో సగం కూడా చెప్పాలి. అదే విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. మాతృభాషలో ఆలోచించు, ఇంగ్లీషును చేతిలో ఉంచుకో అన్నది వారి పద్ధతి. మనం మొదటిది పట్టుకుని రెండవది వదిలేశాము.

తరగతి గదిలో మేము రోజూ చూసేది ఇది. పిల్లవాడు బడిలో ‘ముసల్లస్’ అని నేర్చుకుంటాడు. పక్కింటి స్నేహితుడు ‘త్రిభుజం’ అంటాడు. ఇంటర్‌లో అడుగుపెట్టగానే లెక్చరరు ‘ట్రయాంగిల్’ అంటాడు. మూడూ ఒకటేనని చెప్పేవాడు ఉండడు. ‘జావియా’ అంటే కోణం, కోణమంటే యాంగిల్. ‘మురబ్బా’ అంటే చతురస్రం, అదే స్క్వేర్. ఇవి తెలియక, లెక్క వచ్చిన పిల్లవాడు కూడా మొదటి మూడు నెలల్లో తనకు లెక్కలు రావనుకుని బెంచీ వెనక్కి జరుగుతాడు. ఆపైన కాలేజీ మానేస్తాడు.

దీనికి మందు ఖరీదైనది కాదు. ఎనిమిదో తరగతి నుంచే ఒక నోటుపుస్తకం పెట్టించాలి. మూడు వరసలు: ఉర్దూ మాట, తెలుగు మాట, ఇంగ్లీషు మాట. రోజుకు మూడు మాటలు చాలు. పదో తరగతి అయ్యేసరికి వెయ్యికి పైగా మాటలు పిల్లవాడి చేతిలో ఉంటాయి. ఏ ట్యూషను ఫీజు కట్టినా రానిది ఈ నోటుపుస్తకంతో వస్తుంది.

ఎక్కడ జారిపోతున్నారు?

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒక్కరు మాత్రమే ముస్లిం. పీజీలో 50 మందికి ఒక్కరు. 2001 జనాభా లెక్కల ప్రకారం మనం నూటికి పదమూడు మందికి పైగా ఉన్నాము. ఆ లెక్కన 25 మందిలో ముగ్గురుండాలి. మిగతా ఇద్దరూ ఎక్కడికి పోయారు?

మన ప్రాంతంలో ఎక్కడికి పోయారో మేము చెప్పగలము. మొదటి జారుడు ఏడు, ఎనిమిది తరగతుల దగ్గర. జనవరి నుంచి మిరపకోతలు. తల్లి కోతకు పోతే చిన్న తమ్ముణ్ణి చూడటానికి పెద్దపిల్ల బడి మానుతుంది. రెండు నెలలు మానిన పిల్లకు భిన్నాలు, సమీకరణాలు అందవు. పరీక్షలో ఆ ఏడాది గట్టెక్కినా ఆ గుంత అలాగే ఉండిపోతుంది.

రెండవది పదో తరగతి తర్వాత. అబ్బాయి అయితే షెడ్డుకు, లేదా గల్ఫు వీసా కోసం. అమ్మాయి అయితే సంబంధాల కోసం. ఇక్కడే ఎక్కువమంది పోతున్నారు.

మూడవది కాలేజీలో చేరాక, మొదటి సంవత్సరం. ఇంగ్లీషు అర్థం కాదు, నాలుగు సబ్జెక్టులు మిగిలిపోతాయి. ఇంట్లో ఎవరూ చదివినవారు లేరు కాబట్టి ఎవరికీ చెప్పుకోడు. సీటు వచ్చిందని మనం మిఠాయి పంచుతాము, మిగిలిన సబ్జెక్టుల సంగతి మనకు తెలియను కూడా తెలియదు.

ఉన్న దారులు

ఇకపోతే దారులు. ఇవి వివరంగా వినండి, ఇంటికి వెళ్ళి పిల్లలకు చెప్పండి.

పదో తరగతి మార్కుల మీదే ప్రవేశమిచ్చే ఆర్‌జీయూకేటీ, మన భాషలో ట్రిపుల్ ఐటీ, 2008లో మొదలైంది. నూజివీడు, ఇడుపులపాయలతోపాటు ఒంగోలు, శ్రీకాకుళం పేరిట కూడా నడుస్తున్నది. ఆరేళ్ళ చదువు, హాస్టలు అక్కడే. పల్లెల్లోని సామాన్యుల బిడ్డలకోసం పెట్టినది. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు మార్కుల్లో కొంత వెసులుబాటు కూడా ఉంది. అంటే మన ఉర్దూ బడి పిల్లకు ఇది తెరిచి ఉన్న తలుపు.

రెండవది పాలిటెక్నిక్. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేయవచ్చు. గుంటూరులో, ఒంగోలులో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు, లేదా ఉద్యోగంలోకి పోవచ్చు. చేతి పని తెలిసిన మన పిల్లలకు ఇంతకంటే అనువైన దారి మరొకటి లేదని మా నమ్మకం. మోటారు విప్పిన పిల్లవాడికి డిప్లొమా ప్రయోగశాల కొత్తగా అనిపించదు.

మూడవది అందరికీ తెలిసినదే. ఇంటరు చదివి ఈఏపీసెట్ రాయడం. నరసరావుపేటలో జేఎన్‌టీయూ కాకినాడవారి కళాశాల, నాగార్జున విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు కళాశాల మనకు దగ్గరలోనే ఉన్నాయి. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల 1983 నుంచీ ఉంది. ఆ పేరు మన ఇళ్ళలో ఎవరూ ఎత్తరు. కల్లాంలో ఎండబోసిన మిరప ఒక్క అకాలవర్షానికి బూజు పడితే రైతు ఏడాది కష్టం పోతుంది. తేమ తగ్గకుండా గోతం కడితే సరుకు చెడిపోతుంది. దానికి ఆరబెట్టే యంత్రం, తొడిమ తీసే యంత్రం, చౌకగా, మన ఊరి కరెంటుతో నడిచేది కావాలి. తల్లి చేతులు మండటం చూసి పెరిగిన బిడ్డ కంటే ఆ యంత్రం గురించి బాగా ఆలోచించేవారెవరు?

సీట్లలో 2007 చట్టం ద్వారా బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషను ఉంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా, 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుతో అమలవుతున్నది. షేక్‌లు ఇందులో ఉన్నారు. దూదేకులవారికి బీసీ-బి వర్తిస్తుంది. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివారు ఈ జాబితాలో లేరు. ఆదాయం తక్కువైతే వారు ఈడబ్ల్యుఎస్ కోటా చూసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా ఉంది. అయితే అది వచ్చినా పుస్తకాలు, బస్సు, గది అద్దె మనమే చూసుకోవాలి. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఒక చిన్న విషయం, చాలా సీట్లు పోగొట్టిన విషయం. తండ్రి కార్డులో ‘షేక్’, బిడ్డ టీసీలో ‘షైక్’, ఆధారులో ‘యస్.కె.’. పేరు ఒక కాగితంలో ముందు, ఇంకొక కాగితంలో వెనుక. కౌన్సెలింగు రోజున కౌంటరు దగ్గర నిలబడి ఏడిస్తే లాభం లేదు. తొమ్మిదో తరగతిలోనే అన్ని కాగితాల్లో పేరు ఒకే విధంగా ఉందా లేదా చూసుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు సెలవులు రాకముందే తెచ్చిపెట్టుకోండి.

తల్లిదండ్రుల సందేహాలు

‘ఇంజనీరింగు చదివినవాళ్ళు ఖాళీగా తిరుగుతున్నారు గదా’ అంటారు. ఇది కాదనలేని మాట. ఊరికొక కాలేజీ లేచింది, కొన్ని మూతపడ్డాయి. రంగు కాగితం చూసి, ఏజెంటు మాట విని చేరిస్తే డిగ్రీ వస్తుంది, పని రాదు. చేర్చేముందు మీరే వెళ్ళి చూడండి. ప్రయోగశాలలో యంత్రాలు తిరుగుతున్నాయా, లేక గుడ్డ కప్పి ఉన్నాయా? కిందటేడు అక్కడ చదివినవారు ఇప్పుడేం చేస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలు అడిగితే చాలు. చెడ్డ కాలేజీలో బీటెక్ కంటే మంచి పాలిటెక్నిక్‌లో డిప్లొమా మేలు. అందరూ ఇంజనీర్లే కావాలని కూడా మేము అనడం లేదు. లెక్కల మీద, యంత్రాల మీద ఇష్టమున్న బిడ్డను కేవలం బీదరికం ఆపకూడదు, అంతే మా కోరిక.

‘ఆడపిల్లకెందుకు’ అంటారు. మా తరగతిలో లెక్కలు ముందుగా చేసి పలక ఎత్తి చూపేది ఎక్కువగా ఆడపిల్లలే. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, ఆ మార్కుల కాగితాన్ని పెళ్ళి సంబంధానికి చూపించి పెట్టెలో పెట్టుకుంటున్నది. కట్నానికి కూడబెట్టే సొమ్ములో సగం చదువుకు పెడితే, ఆ చదువు ఆమె వెంట జీవితాంతం ఉంటుంది. దూరం పంపడానికి భయపడితే నలుగురు అమ్మాయిలను ఒకే కాలేజీలో చేర్పించి ఒకే ఆటోలో పంపించండి. తోడు ఉంటే భయం సగం పోతుంది.

‘బ్యాంకు అప్పు తెస్తే వడ్డీ గదా’ అనేది మూడో సందేహం. ఇది దీన్‌కు సంబంధించినది. ఆలిములున్న సభలో మేము తీర్పు చెప్పము. కానీ వడ్డీ వద్దని చెప్పే సమాజం, వడ్డీ లేని అప్పు ఇచ్చే ఏర్పాటు కూడా చేయాలి. అది చేయకుండా వద్దని మాత్రమే చెబితే, బిడ్డ చదువూ పోతుంది, ఆఖరికి ఆ తండ్రి రోజువారీ వడ్డీకే షాపు పెడతాడు.

సంఘానికి మా మనవి

అందుకని ఈ సంఘం ముందు కొన్ని విన్నపాలు ఉంచుతున్నాము. ఇవి పెద్ద భవనాలు అడగవు.

ఒకటి, షాదీఖానా ఏడాదిలో చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. అక్కడ మగ్రిబ్ తర్వాత గంటన్నర లెక్కల తరగతి పెడదాము. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు. చెప్పడానికి మేమూ, మా తోటి ఉపాధ్యాయులూ సిద్ధం. మిరపకోతల రెండు నెలల్లో మాత్రం ఆ తరగతి ఒక్కరోజు కూడా ఆగకూడదు.

రెండు, పుస్తకాల బ్యాంకు. చదివేసిన ఇంటరు, డిప్లొమా, బీటెక్ పుస్తకాలు అటకమీద ఎలుకల పాలవుతున్నాయి. సంఘానికి తెచ్చి ఇవ్వండి.

మూడు, ధ్రువపత్రాలు, దరఖాస్తుల పని తెలిసిన ఇద్దరు యువకులను మే, జూన్ నెలల్లో సంఘం కార్యాలయంలో కూర్చోబెట్టాలి. ఒక్క తేదీ తప్పిపోయి ఏ బిడ్డకూ సీటు పోకూడదు.

నాలుగు, ఖర్జె హసనా నిధి. చదువు పూర్తయి సంపాదన మొదలయ్యాక తిరిగి ఇచ్చే షరతు మీద. అలా తిరిగొచ్చిన సొమ్ము ఇంకొక బిడ్డకు పోతుంది. జకాత్ సొమ్ములో అర్హులైన పేద విద్యార్థుల భాగం గురించి ఆలిములను అడిగి, వారు చెప్పిన విధంగా చేద్దాము. వలీమాలో ఒక రకం కూర తగ్గించి ఆ ఖర్చు ఈ నిధికి ఇచ్చే ఆచారం మన పెద్ద ఇళ్ళవారు మొదలుపెడితే మిగతావారు వెనక నడుస్తారు.

అయిదు, కాలేజీలో చేరిన ప్రతి బిడ్డకు అప్పటికే చదువుతున్న ఒక అన్ననో అక్కనో అప్పజెప్పాలి. మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చేదాకా వారానికొకసారి మాట్లాడాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు, ఒకరు అడిగేవారున్నారన్న ధైర్యం మాత్రం వస్తుంది.

చివరిగా యువకులతో రెండు మాటలు. నాయనా, షెడ్డులో పని చేస్తున్నామని తల వంచుకోకండి. ఆ పని మీకు పుస్తకం చదివినవాడికి లేని అనుభవం ఇచ్చింది. పదో తరగతి ఆగిపోయినవారు ఓపెన్ స్కూలు ద్వారా పూర్తి చేయండి. పూర్తి చేసినవారు ఐటీఐకో, పాలిటెక్నిక్‌కో దరఖాస్తు పెట్టండి. పగలు పని ఉంటే రాత్రి మా దగ్గరకు రండి. వయసు దాటిందని సిగ్గుపడవద్దు. లెక్క రానివాడిని మేము ఇంతవరకు చూడలేదు, లెక్క చెప్పేవాడు దొరకనివాళ్ళను మాత్రం చాలామందిని చూశాము.

సాగర్ కాలువ మన పొలాల దాకా రావడానికి పునాదిరాయి పడ్డాక పన్నెండేళ్ళు పట్టింది. ఎనిమిదో తరగతి పిల్లవాడు బీటెక్ పట్టా తీసుకోవడానికి అంతకంటే తక్కువే పడుతుంది. ఈ ఏడాది షాదీఖానాలో పాఠం మొదలుపెడితే, ఆ పిల్లల్లో కొందరిని ఇదే వేదిక మీద ఇంజనీర్లుగా మనమే సన్మానించుకుంటాము, ఇన్షా అల్లాహ్. మగ్రిబ్ తర్వాత తరగతి ఏ రోజు నుంచి మొదలవుతుందో ఈ సభ ముగిసేలోగానే తేదీ నిర్ణయించి ప్రకటించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాము.

 అల్లాహ్ మన పిల్లలకు ఉపయోగపడే చదువును, ఆ చదువును నలుగురికీ ఉపయోగపెట్టే మనసును ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.